వేలెడంత ఖాళీ

ఆ కారులో తడి గోనెసంచి వాసన వస్తోందని నేను చెబుతూనే ఉన్నాను. పానా వినిపించుకోలేదు.

"రేసు కారుకి అత్తరు పూయమంటావేమిటే," అంది. "నువ్వు అందులో ఉండేది పద్నాలుగు సెకన్లు. ఆ కాసేపూ ముక్కు మూసుకో."

పానా నా స్నేహితురాలు. ఆరో తరగతిలో జామెట్రీ పెట్టెలో వృత్తలేఖినికి బదులు వాళ్ల నాన్న షెడ్డులోని చిన్న పానా పెట్టుకొచ్చినందుకు లెక్కల మాస్టారు పెట్టిన పేరు అది. మాస్టారు పోయారు, బడి భవనం పడగొట్టారు, పేరు మాత్రం ఉండిపోయింది. తను నన్ను కొలతమ్మ అంటుంది. పుస్తకాలకు అట్టలు వేసేటప్పుడు క్లాసులో అందరికీ నేనే మడత కొలిచి ఇచ్చేదాన్ని. ఇద్దరికీ యాభై దాటాయి. ఇప్పటికీ తను బజారులో అవతలి పేవ్‌మెంటు మీంచి "కొలతమ్మోయ్" అని కేకేస్తే మా పిల్లలు తల దించుకుంటారు, నేను మాత్రం గబుక్కున తిరిగి చూస్తాను.

ఆ రోజు తను విడిభాగాల దుకాణానికి వెళ్లింది. షెడ్డులో నేనొక్కదాన్నే ఉన్నాను. వాన నీళ్లు డ్రైవరు వైపు అద్దం రబ్బరులోంచి కారి కాళ్ల దగ్గరి తివాచీ నానిపోయింది. లోపల దులపడం, తుడవడం, అద్దాలు రుద్దడం మొదటినుంచీ నా వంతు. పెడళ్ల దగ్గర మాత్రం పానాయే చూసుకునేది. "అక్కడ వైర్లున్నాయి, నువ్వు చెయ్యి పెట్టకు" అనేది. ఇంట్లో కాళ్లు తుడుచుకునే పట్టా తడిసినా ఎండలో వెయ్యకుండా ఉండలేనిదాన్ని, కంపు కొడుతున్న తివాచీని ఎన్నాళ్లు చూస్తూ ఊరుకుంటాను? వైర్లు కదలకుండా మెల్లగా అంచు పట్టుకుని పైకి లాగాను.

వైర్లేమీ లేవు. ఒక బోల్టు ఉంది.

ఆక్సిలరేటర్ పెడల్ వెనక, రేకుకి వెల్డింగ్ చేసిన పట్టీలోంచి పొడుచుకొచ్చి ఉంది. తివాచీకి చిన్న చీలిక కోసి, తల మాత్రం బయటికి వచ్చేలా పెట్టారు. సీట్లో కూర్చున్నవాళ్లకి పెడల్ అడ్డం, కనపడదు. బోల్టు ఒళ్లంతా తుప్పు పట్టింది కానీ తల మాత్రం రోజూ తోమిన గిన్నె అడుగులా మెరుస్తోంది. ఏళ్ల తరబడి ఏదో ఒకటి తగులుతూ ఉంటే తప్ప ఇనుముకి ఆ నునుపు రాదు. తగిలింది పెడల్. పెడల్ మీద ఉన్నది నా కాలు.

నాకు ఇంజన్ల గురించి పానాకి తెలిసినంత తెలియదు. తెలిసిందల్లా ఇది: పెడల్ నొక్కితే కేబుల్ లాగడంతో ముందు ఇంజను మీద ఒక చిన్న మీట తిరుగుతుంది, అది ఎంత తిరిగితే గాలీ పెట్రోలూ అంత లోపలికి వెళ్తాయి. చీపురు కర్ర తెచ్చి సీటుకీ పెడల్‌కీ మధ్య బిగించాను. పెడల్ బోల్టుకి ఆనుకుని ఆగింది. అప్పుడు ముందుకు వెళ్లి మూత ఎత్తి ఆ మీటని వేలితో నెట్టాను. కదిలింది. నా చూపుడు వేలు వెడల్పంత దూరం ఇంకా తిరిగి, అప్పుడు దాని చివర ఆగింది.

మళ్లీ నెట్టాను. మళ్లీ అంతే. చీపురు కర్ర జారి ఉంటుందేమోనని తీసి మళ్లీ బిగించి చూశాను. ఎన్నిసార్లు చూసినా అదే వేలెడంత ఖాళీ.

తివాచీని యథాతథంగా పరిచేసి, చేతులు కడుక్కుని, బల్ల మీద కూర్చున్నాను. పానా రాకముందే తాళం వేసి ఇంటికి వచ్చేశాను.

ఇదంతా ఎందుకంత పెద్ద విషయమో చెప్పాలంటే మా రేసుల సంగతి కొంచెం చెప్పాలి. ఊరి బయట వాడకం మానేసిన విమానాల రన్‌వే ఉంది. నెలకోసారి ఆదివారం అక్కడ డ్రాగ్ రేసులు జరుగుతాయి. రెండు బండ్లు పక్కపక్కన నిలబడతాయి, పచ్చ లైటు పడగానే పావు మైలు తిన్నగా పరిగెత్తుతాయి. అంతే, మలుపులూ గిలుపులూ లేవు. మాది డబ్బున్నవాళ్ల పందెం కాదు. బస్సు డ్రైవరు వస్తాడు, పళ్ల డాక్టరు వస్తాడు, రొట్టెల బట్టీ నడిపే అన్నదమ్ములొస్తారు. ఎవరి బండి వాళ్ల స్తోమతు కొద్దీ ఉంటుంది కాబట్టి ఒక పద్ధతి పెట్టుకున్నారు. నా బండి ఇంత సమయంలో వెళ్తుందని ముందే చెప్పాలి. ఆ లెక్కన నెమ్మది బండిని ముందు వదులుతారు. చెప్పినదానికంటే త్వరగా వెళ్తే ఓడినట్టే. అంటే మాట మీద నిలబడిన బండి గెలుస్తుంది. పాత డొక్కు కూడా కొత్త బండిని ఓడించవచ్చు. ఇది నాకు చాలా నచ్చిన పద్ధతి. అందువల్లే, పెడల్ వెనక బోల్టున్నా ఏ బండీ పోటీలో వెనకబడదు. ఎవరికీ అనుమానం రాదు.

కారు పానా వాళ్ల నాన్నది. ఆయన్ని నేను బాబాయి అనేదాన్ని. నేను డిగ్రీ చదువుతున్నప్పుడు పానా చదువు మానేసి షెడ్డులో చేరింది, ఆదివారాలు ఆ కారు నడిపేది. నేను కంచె దగ్గర నిలబడి గొంతు పోయేలా అరిచేదాన్ని. ఆ తర్వాత నా పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. చంటిది ఇంకా పాలు మానకముందు, గేర్ బాక్సు ఎత్తబోయి పానా నడుము పట్టేసింది. మంచం మీద పడుకుని, "కారుని ఎవరికైనా అమ్మేస్తే నేను చచ్చిపోతాను, నువ్వు నడుపు," అంది. నడిపాను.

మొదటిసారి పచ్చ లైటు పడ్డప్పుడు పెడల్‌ని చివరిదాకా నొక్కి, ఆ చివర గట్టిగా తగిలినప్పుడు, ఇంతకంటే ఇంక ఏమీ లేదు అనిపించింది. ఉన్నదంతా ఇచ్చేశాను, ఏమీ కాలేదు, బతికే ఉన్నాను. ఆ తర్వాత జీవితంలో ఏ కష్టమొచ్చినా పాదానికి తగిలిన ఆ గట్టిదనమే తలుచుకున్నాను. మా ఆయన గుండె ఆపరేషను కాగితాల మీద సంతకం పెట్టేటప్పుడు, మా చిన్నదాన్ని బళ్లోంచి తీసేస్తామని ప్రిన్సిపాలు అన్నప్పుడు, మా అన్నయ్య అమ్మని ఎక్కడో వృద్ధాశ్రమంలో పెడదామన్నప్పుడు. నేను చివరిదాకా నొక్కినదాన్ని, ఇదెంత అనుకునేదాన్ని. నన్ను చూసి రన్‌వే దగ్గరికి ఆడవాళ్లు రావడం మొదలుపెట్టారు. ఒక నర్సు, బట్టలు కుట్టే ఆవిడ, ఇద్దరు టీచర్లు. "భయం వేస్తుంది అక్కా," అంటే, "కాలు చివరిదాకా నొక్కండి. అక్కడిదాకా వెళ్లొచ్చాక ఇంక దేనికీ అంత భయం వెయ్యదు," అని చెప్పేదాన్ని. మైకులో కూడా చెప్పాను ఒకసారి. చప్పట్లు కొట్టారు.

సాయంత్రం మా ఆయన దుకాణం నుంచి వచ్చారు. ఆయనది కళ్లజోళ్ల దుకాణం. టీ కప్పు ముందు పెట్టి, "కారులో పెడల్ వెనక ఒక బోల్టుంది," అన్నాను. నాకు ఆయన మీద ఏ అనుమానమూ లేదు. ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది, అంతే.

ఆయన కప్పు అందుకోబోయి ఆగారు. "ఇంకా ఉందా?" అన్నారు.

వంటింట్లో కుక్కర్ కూత పెట్టింది. వెళ్లి మంట తగ్గించి వచ్చాను. ఆయన కప్పు వంకే చూస్తున్నారు.

"ఎవరు పెట్టించారు?"

"నేనే అడిగాను. చంటిది ఒళ్లో ఉంది. నువ్వేమో వెళ్తానని పట్టుపట్టావు. వద్దంటే వింటావా?"

"వద్దని ఒక్కసారైనా అన్నారా?"

"అంటే వినేదానివి కాదుగా."

"అనలేదు కదా. వెళ్లు, నీ ఇష్టం, పిల్లల్ని నేను చూసుకుంటాను అన్నారు. ఇన్నేళ్లూ అదే చెప్పుకుని తిరిగాను. మా ఆయన ఒక్క మాట అడ్డు చెప్పలేదని మా అమ్మ దగ్గర చెప్పాను, మీ అక్కయ్య దగ్గర చెప్పాను. ఆవిడ నన్ను చూసి కుళ్లుకుంది కూడా."

"ఒక్క సీజనుకే పెట్టమన్నాను. నీ మీద ఒట్టు. ఆ తర్వాత తీసేసి ఉంటుందనుకున్నాను."

"అడిగారా?"

ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టారు. దుకాణంలో ఎవరైనా అలా తుడిస్తే అద్దాల మీద గీతలు పడతాయని కసురుకుంటారు. తుడుస్తూనే ఉన్నారు.

నేను ఆ పూట ఆయనతో ఇంకేమీ మాట్లాడలేదు. కోపం లేక కాదు. ఆయన మీద కోపానికి ఒక హద్దు కనపడింది. భయపడ్డాడు, దొంగచాటుగా ఒక పని చేయించాడు, మరిచిపోయాడు. మొగుడి తప్పు, ఇంట్లోనే తేల్చుకోవచ్చు. కానీ ఒక్క సీజనన్నది ఇరవై ఏళ్లు దాటేదాకా ఎందుకుంది? అది ఆయన్ని అడిగి లాభం లేదు.

మర్నాడు పొద్దున్న షెడ్డుకి వెళ్లేసరికి పానా రేడియేటర్ గొట్టం మారుస్తోంది. తలెత్తకుండానే, "నిన్న చెప్పాపెట్టకుండా తాళమేసి పోయావేమే? గోడ దూకి రావాల్సొచ్చింది ఈ వయసులో," అంది.

"నడుము బాగోదు కదా, ఎలా దూకావు?"

"మాటవరసకన్నానే తల్లీ. పక్క టైర్ల షాపువాడి దగ్గర రెండో తాళంచెవి ఉంది." అప్పుడు నా ముఖం చూసింది. "ఏమైంది?"

"పెడల్ వెనక బోల్టు చూశాను."

తను గొట్టం కింద పెట్టి, గుడ్డతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకుంది. "కేబుల్ మీద భారం పడకుండా పెడతారు. అన్ని రేసు కార్లకీ ఉంటుంది."

"మీట ఇంకా వేలెడంత తిరుగుతోంది. చీపురు కర్ర బిగించి చూశాను."

పానా నవ్వబోయింది, నవ్వలేకపోయింది. "నువ్వు కొలుస్తావని నాకు తెలియాలిగా. బావగారు చెప్పారా?"

"ఆయన ఒక్క సీజనన్నారు."

"అన్నారు. చూడవే, బోల్టుంటే బండి నిలకడగా పరిగెడుతుంది. ఎండైనా చలైనా ఒకటే టైము. అందుకే నువ్వు గెలిచావు. మీ ఇంట్లో అల్మారా నిండా కప్పులే. ఏది అబద్ధం అందులో? అన్నీ నీవే."

"కప్పుల గురించి నేను అడగడం లేదు."

"ఇంకేం కావాలి?"

నేను తల ఎత్తి పైకి చూశాను. షెడ్డు మధ్య దూలం మీద బాబాయి ఎర్ర రంగుతో రాసిన అంకె ఉంది: 13.2. పానా అదే కారులో, నడుము పట్టకముందు, ఒక వేసవి ఆదివారం సాధించిన సమయం. ఆయన నిచ్చెనెక్కి తనే కుంచెతో రాశారు. నేను ఇన్నేళ్లలో దాన్ని అందుకోలేదు. నాది ఎప్పుడు చూసినా 13.6. ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ, ఎప్పుడూ తక్కువ కాదు.

"అది వచ్చినప్పుడు బోల్టు ఉందా?"

పానా పైకి చూడలేదు. "లేదు."

"నాకెందుకు రావడం లేదని అడిగిన ప్రతిసారీ ఏమన్నావు?"

"చెయ్యి తిరగాలన్నాను."

"గేరు మార్చేటప్పుడు తడబడుతున్నానన్నావు. నేను వంటింట్లో స్టూలు మీద కూర్చుని గరిటె పట్టుకుని గేర్లు మార్చడం ప్రాక్టీసు చేశాను పానా. మా పెద్దది చూసి, అమ్మకి పిచ్చి పట్టిందని వాళ్ల నాన్నకి ఫోను చేసింది. ఆ కథ నీకు చెబితే నువ్వు పొట్ట పట్టుకుని నవ్వావు."

బయట టైర్ల షాపువాడు గాలి పట్టే మిషను ఆన్ చేశాడు. ఆ చప్పుడు తగ్గేదాకా ఇద్దరం నిలబడే ఉన్నాం.

"తీసేస్తాను," అంది. "ఐదు నిమిషాల పని."

"తీయకు. ఈ ఆదివారం నువ్వు నడుపు. బోల్టుతోనే. నీదీ నాదీ ఒకే కొలత మీద చూద్దాం."

"నా నడుము సంగతి..."

"పద్నాలుగు సెకన్లు ఓర్చుకో."

ఇంత మాట తనని ఎప్పుడూ అనలేదు. అన్న తర్వాత వెనక్కి తీసుకోవాలని కూడా అనిపించలేదు.

ఆ వారమంతా ఒక్క విషయమే తెలుసుకోవాలనిపించింది. ఆ దూలం మీది అంకె కింద ఇన్నేళ్లు నేను నిలబడింది నా చేతకానితనం వల్లా, ఆ బోల్టు వల్లా? నా చేతకానితనమే అయితే నా స్నేహితురాలు నన్ను కాపాడింది. అది కాకపోతే ఏమిటో ఆలోచించడానికి నాకు ధైర్యం చాలలేదు. కూరగాయలు తరుగుతూ ఆలోచించాను, ఇస్త్రీ చేస్తూ ఆలోచించాను, దిండు గలీబులు మడతపెడుతూ రెండుసార్లు తప్పు మడత వేశాను. మా ఆయన ఏదో ఒక వంకతో నా చుట్టూ తిరిగారు. ఆదివారం తానూ వస్తానన్నారు. వద్దన్నాను.

ఆదివారం పొద్దున్న కారుని ట్రక్కు వెనక ట్రెయిలరు మీద కట్టుకుని, ముందు సీట్లో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. ఎప్పుడూ ఆ దారి పొడుగునా పానా ఎవరో ఒకరిని వెక్కిరిస్తూ ఉంటుంది. పళ్ల డాక్టరు బండి నడుపుతుంటే ఎవరి పన్నో పీకుతున్నట్టు ముఖం పెడతాడని, రొట్టెల అన్నదమ్ములు స్టార్టింగ్ దగ్గర పోట్లాడుకుని లైటు చూడడం మర్చిపోతారని. ఆ రోజు హారను తప్ప మరో శబ్దం లేదు.

రన్‌వే దగ్గర పొద్దుటి ప్రాక్టీసు మొదలైంది. కాంక్రీటు పగుళ్లలో గడ్డి, పాత కంట్రోల్ గదికి అద్దాలు లేని కిటికీలు, కాలిన రబ్బరు వాసన. మైకు పట్టుకునే ఆయన్ని అందరూ మైకు మామ అంటారు. ఆయన డ్రైవరు సీట్లో పానాని చూసి, "ఇదేమిటమ్మా, డాక్టరే పేషెంటు మంచమెక్కింది ఇవాళ," అన్నాడు మైకులోనే. జనం నవ్వారు. నర్సు నా దగ్గరికి వచ్చి, "మీరు నడపరా అక్కా?" అంది. "ఇవాళ పానాక్క నడుపుతుంది," అన్నాను.

కార్ల వరుస ఒక్కొక్క అడుగూ ముందుకు జరుగుతోంది. నేను కారు పక్కనే నడుస్తున్నాను. హెల్మెట్‌లో పానా ముఖం చిన్నదిగా కనపడుతోంది. ముందు ఇంకో రెండు జతలున్నాయనగా ఇంజను ఆగిపోయింది. ఆగిపోలేదు, తనే ఆపింది. హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకుంది.

వెనక బండివాడు హారను మోగించి, తల బయటపెట్టి, "అక్కా, కదులుతారా, ఇక్కడే కాపురం పెడతారా?" అన్నాడు.

పానా దిగి తలుపు మీద చెయ్యి వేసింది. "తొయ్యి," అంది నాతో.

"ఎందుకు?"

"తొయ్యవే. చెబుతాను."

తను తలుపు దగ్గర స్టీరింగు పట్టుకుని, నేను వెనక డిక్కీ మీద చేతులు పెట్టి, కారుని వరుసలోంచి పక్కకి తోశాం. పానా ముఖం నాకు కనపడలేదు. మాట మాత్రం వినపడింది.

"నేను నడపక్కర్లేదు. ఇదివరకే నడిపాను."

"ఎప్పుడు?"

"మీ చిన్నదాన్ని బళ్లో వేసిన ఏడు. నడుము బాగైపోయింది, నడుపుకోవచ్చన్నాడు డాక్టరు."

"ఇంక జన్మలో కూర్చోకూడదన్నాడని నాకు చెప్పావు. చెప్పి ఏడ్చావు. నేనూ ఏడ్చాను."

"ఏడుపు నిజమే," అంది. "మాట అబద్ధం."

కారు గడ్డి మీదికి వచ్చి బరువెక్కింది. ఇద్దరం ఆగి ఊపిరి పీల్చుకుని మళ్లీ తోశాం.

"తీసేద్దామనే వచ్చానే ఆ రోజు. ఒక పనిరోజున, ప్రాక్టీసుకి. ఇక్కడ ఎవరూ లేరు. స్పానరు జేబులోనే ఉంది. తీసేముందు ఒకసారి నడిపి చూద్దామనిపించింది. బోల్టున్నా సరే నీకంటే ఎంత ముందు వెళ్తానో చూసుకుందామని."

"ఎంత వచ్చింది?"

"కొంచెం ఎడమకి తొయ్యి, రాయి ఉంది."

"ఎంత పానా?"

"13.9. మూడుసార్లు వెళ్లాను. తగ్గలేదు."

నేను తోయడం ఆపేశాను. కారు దానంతటదే రెండడుగులు వెళ్లి ఆగింది. 13.9. నాది 13.6. అదే కారు, అదే బోల్టు. ఇన్నేళ్లూ తను గేర్లు ఎలా మార్చాలో నాకు చెబుతూ వచ్చింది. నేను తలూపుతూ విన్నాను. వినేటప్పుడు నా ముఖంలోకి చూస్తూ చెప్పింది. నేను తనకంటే బాగా నడుపుతానని అప్పటికే తెలిసి, నా భుజం మీద చెయ్యి వేసి మరీ చెప్పింది.

"స్పానరు మళ్లీ జేబులో పెట్టేసుకున్నాను," అంది పానా. ఇప్పుడు నా వైపు తిరిగింది. "నీకు ఇల్లుంది, చదువుంది, పిల్లలున్నారు, బావగారున్నారు. నాన్న ఆ అంకె రాసినప్పుడు నిచ్చెన పట్టుకున్నది నేను. నాకున్నది అదొక్కటే."

"నాతో చెప్పి ఉంటే నేనే బోల్టు బిగించుకుని నడిపేదాన్ని."

"తెలుసు. అందుకే అడగలేదు. అడిగి తీసుకునేదా అది?"

ఇద్దరిలో నేనే మెరుగని తేలితే ఎక్కడో ఒక మూల సంతోషం పుడుతుందేమోనని వారమంతా లోలోపల అనుకున్నాను. పుట్టలేదు. తను ఓదార్చిన ఆదివారాలన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఓడిన రోజున తన భుజం మీద తల పెట్టుకుని, నువ్వు లేకపోతే నేనెప్పుడో మానేసేదాన్నే అన్నాను. మానెయ్యకు, ఏదో ఒకనాటికి అందుకుంటావు అంది. రన్‌వే మీద రెండు బండ్లు ఒకేసారి దూసుకెళ్లాయి. కంచె దగ్గర నర్సూ, బట్టలు కుట్టే ఆవిడా చేతులెత్తి అరుస్తున్నారు. వాళ్లకి నేను చెప్పిన మాట నా చెవుల్లోనే వినపడి చెంపలు మండాయి.

"ఇప్పుడే తీసేస్తాను," అంది పానా. "మధ్యాహ్నం వరుసలో నువ్వు నడుపు. 13.2 కంటే తక్కువే వస్తుంది, నాకు తెలుసు. నిచ్చెన నేనే పడతాను, నువ్వెక్కి రాయి."

ఆ మాట తను మనస్ఫూర్తిగానే అంది. అది కూడా తనే ఇస్తున్నట్టుంది నాకు. నేను నొక్కితే ఎంత వస్తుందో తనే చెబుతోంది. ఎప్పుడు నొక్కాలో కూడా తనే.

"వద్దు. ఇంటికి పోదాం."

"కొలతమ్మా..."

"నేను వేరే బండి చూసుకుంటాను."

"నేను చూసిపెడతాను. ఇంజను విప్పి, అంతా..."

"వద్దు పానా."

మైకు మామ మైకులో, "మా అక్కాచెల్లెళ్లు ఇవాళ అలిగినట్టున్నారు," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మా ముఖాలు అంత దూరానికి కూడా కనపడి ఉంటాయి.

కారుని ట్రక్కు వెనక ట్రెయిలరు మీదికి ఎక్కించాం. అది ఇద్దరూ కలిసి చెయ్యవలసిన పని. మాటలు లేకపోయినా చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. నాలుగు చక్రాలకీ పట్టీలు చుట్టి ట్రెయిలరు ఇనుముకి బిగించి కట్టాలి. కుడివైపు రెండూ నావి, ఎడమవైపు రెండూ తనవి. ఒక్కటి వదులైనా దారిలో కారు జారి వెనక వచ్చేవాళ్ల మీద పడుతుంది. నావి కట్టేసి నిటారుగా నిలబడ్డాను. అటువైపు నుంచి పానా ఎప్పటిలాగే ట్రెయిలరు మీద రెండు దెబ్బలు కొట్టి, "బిగిసింది, పద," అంది.

నేను ట్రక్కు తలుపు దాకా వెళ్లాను. తలుపు తీశాను. మళ్లీ మూసేసి, చుట్టూ తిరిగి తన వైపుకి వచ్చి, ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని తను కట్టిన పట్టీని రెండు చేతులా పట్టుకుని లాగాను. గట్టిగానే ఉంది. రవ్వంత కూడా కదల్లేదు. కొక్కెం సరిగా పడిందో లేదో వేలు పెట్టి చూశాను. ఇన్నేళ్లలో ఆ పని ఎప్పుడూ చెయ్యలేదు.

పానా నా వెనకే నిలబడి ఉంది. తన బూట్లు కనపడుతున్నాయి, గ్రీజు మరకల మీద గడ్డిపోచలు అంటుకుని. "వెనకది కూడా చూసుకో," అంది.

"చూస్తున్నాను," అన్నాను.